తోక కింద చూశారా?

చేపల బుట్ట వచ్చిందనగానే గిన్నె పట్టుకుని వీధి గుమ్మంలోకి వెళ్ళే అమ్మలందరికీ ఈ వారం ఒక మాట.

మన బారువ దగ్గర సముద్రంలో 1917లో మునిగిన చిల్కా ఓడ ఉంది కదా. వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని స్కూబా డైవింగ్‌లో దాన్ని చూసొస్తున్నారని పేపర్లో చదివి వినిపిస్తే, మావారు “కింద లాబ్‌స్టర్లు కనిపించాయా?” అన్నారు. ఆయన ధ్యాస ఆయనది!

నవ్వాను గానీ, అమెరికాలో ఫ్లోరిడా తీరాన నిజంగానే అలా చేత్తో పడతారు. అక్కడి లాబ్‌స్టర్లూ మనవాటిలాగే, పీతకున్నట్టు పెద్ద డెక్కలుండవు. పొడుగు మీసాలు, ఒళ్ళంతా ముళ్ళు. పగలు రాళ్ళ సందుల్లో నక్కి, రాత్రి మేతకొస్తాయి. డైవర్ సన్నటి కర్రతో వెనకనుంచి కితకిత పెడితే ముందుకొస్తుంది. భయపడిందా, తోక కొట్టి వెనక్కి దూసుకుపోతుంది. అందుకే వెనక చిన్న వల పట్టి ఉంచుతారు. గ్లవ్స్ లేకపోతే చెయ్యి చీరుకుపోతుంది. మీసం పట్టుకుంటే మీసమే చేతిలో మిగులుతుంది.

పట్టాక నీళ్ళలోనే కొలవాలి. వీపు పెంకు 3 అంగుళాలు దాటకపోతే వదిలెయ్యాలి. తోక కింద గుడ్లుంటే ఎంత పెద్దదైనా వదలాల్సిందే, అక్కడి చట్టం అది.

మన భావనపాడు, మంచినీళ్ళపేట వైపు ఇది వలల పని. వలకి కన్నులేగాని చూపేదీ? పిల్లా తల్లీ అన్నీ పడతాయి. ఎగుమతికైతే 2003లో ప్రభుత్వం రకాన్నిబట్టి కనీస బరువు పెట్టింది, ఒక రకానికి 200 గ్రాములు, ఇంకోదానికి 500. మరి మన వీధిలోకొచ్చే బుట్టని తూచేదెవరు?

దాచడమెందుకు, నేనూ ఒకప్పుడు గుడ్లున్నదే ఏరి, పైన నాలుగు డబ్బులిచ్చి కొన్నాను. కమలాపండు రంగులో గుత్తులుగా ఉంటే అదృష్టమనుకున్నాను. అవి లక్షల్లో ఉంటాయని తర్వాత తెలిసి మనసు చివుక్కుమంది.

“బుట్టలోకొచ్చాక వద్దంటే అది బతుకుతుందా?” అని మా తోడికోడలు అడిగింది. బతకదు. కానీ గుడ్లదానికి ఎక్కువిచ్చేది మనమే కదమ్మా! కొనేవాళ్ళు లేరంటే, వలలో ప్రాణంతో ఉండగానే తీసి నీళ్ళలోకి విసిరేస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు ఆపుకుని వాళ్ళు ఓర్చుకుంటున్నారు, మనం ఒక్క గుడ్ల ముక్క మానలేమా?

గుడ్లు లేనిది, బరువున్నది దొరికితే మాత్రం ఉప్పునీళ్ళలో పెంకు ఎర్రబడి, కండ తెల్లబడేదాకానే ఉడికించండి. ఎక్కువైతే రబ్బరులా సాగుతుంది. తోక నడుమ నల్లనరం తీసేసి, మన ఉద్దానం కొబ్బరిపాలు చివర్లో పొయ్యండి.