పద్నాలుగో ఏట ఆగిపోయే అన్నం

గత నెల నగరంలోని ఒక బస్తీలో యువకులు నిర్వహించిన ఆరోగ్య శిబిరానికి మేమూ వెళ్లాము. పేర్లు, ఎత్తు, బరువు నమోదు చేసే బల్ల వద్ద మమ్మల్ని కూర్చోబెట్టారు. ఉద్యోగ విరమణ జరిగినా రిజిస్టరు మమ్మల్ని విడిచిపెట్టేలా లేదు. మధ్యాహ్నానికి కొంచెం ముందు ఒక పదహారేళ్ల కుర్రవాడు తూకం యంత్రం మీద నిలబడ్డాడు. 38 కిలోలు. వెల్డింగ్ దుకాణంలో పని. ఉదయం చాయ్, అందులో ముంచుకునే రెండు రస్కులు. మధ్యాహ్నం దుకాణం పక్కన దొరికేది ఏదైనా. రాత్రికి ఇంట్లో అన్నం, ఖట్టా. బరువు రాసుకుంటున్న మా ముందు ఫోను తెరిచి ఒక ప్రోటీను పొడి డబ్బా బొమ్మ చూపించి, "చాచా, ఇది తాగితే ఒళ్లు వస్తుందా?" అని అడిగాడు. ఆ డబ్బా ధర అతని పది రోజుల సంపాదన.

ఆ ప్రశ్నకు మన నగరంలోనే సమాధానం ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో, కండ పెంచుకోవడానికి ఇటువంటి పొడులను ఆశ్రయించవద్దని స్పష్టంగా చెప్పింది. అదే సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం 16–18 ఏళ్ల బాలుడికి రోజుకు 3,320 కిలోక్యాలరీల శక్తి, 55 గ్రాముల ప్రోటీను అవసరం. అదే వయసు బాలికకు 2,500 కిలోక్యాలరీలు, 46 గ్రాములు. ఒక మోస్తరు శ్రమ చేసే వయోజన పురుషుడికి నిర్దేశించినది 2,710 మాత్రమే. అంటే ఇంటిల్లిపాదిలో అందరికన్నా ఎక్కువ తినవలసినవాడు ఎదుగుతున్న కొడుకే. మన ఇళ్లలో మాత్రం వాడి కంచం తండ్రి కంచం కన్నా చిన్నది, చెల్లెలి కంచం ఇంకా చిన్నది.

ఇది తల్లుల తప్పని మేము అనడం లేదు. చట్టం ఎక్కడ ఆగిందో ముందు చూడాలి. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం మధ్యాహ్న భోజనాన్ని హక్కుగా ప్రకటించింది. అయితే ఎనిమిదో తరగతి వరకు, లేదా 14 ఏళ్ల వరకు మాత్రమే. ఎముక సాగి, కండ పట్టి, ఆకలి రెట్టింపయ్యే వయసు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. మన రెండు రాష్ట్రాలలో తొమ్మిది, పది తరగతులకు సొంత నిధులతో భోజనం పెడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ విస్తరించారు. సంతోషమే. కానీ పథకం వేరు, హక్కు వేరు. పథకం బడ్జెట్టుతో వస్తుంది, బడ్జెట్టుతోనే పోతుంది. ఈ వ్యత్యాసాన్ని జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన మేము చాలాసార్లు చూశాము.

పైగా మన పిల్లలలో ఎందరో ఈ భోజనం పరిధిలోనే లేరు. ఇంగ్లీషు మీది ఆశతో బస్తీలలోని చిన్న చిన్న ప్రైవేటు బడులకు పంపుతున్నాము. అక్కడ భోజనం లేదు. రెండంతస్తుల ఇంట్లో నడిచే బడికి ఆటస్థలమూ లేదు, విద్యాహక్కు చట్టపు అనుబంధంలో అది తప్పనిసరి అని రాసి ఉన్నా. ఇక బడి మానేసి గ్యారేజీలోనో, జరీ మగ్గం ముందో కూర్చున్నవాడు ఏ జాబితాలోనూ లేడు. మైనారిటీ గురుకులాలలో చేరిన పిల్లలకు మూడు పూటలా తిండి దొరుకుతోంది. వారు బయట ఉన్న లక్షలాది మందిలో కొద్దిమంది. 14–18 ఏళ్ల బాలికలకు అంగన్‌వాడీల ద్వారా ఇచ్చే పోషకాహారం సైతం, ఈశాన్య రాష్ట్రాలను మినహాయిస్తే, కేంద్రం ఎంపిక చేసిన ఆకాంక్షిత జిల్లాలకే పరిమితమైంది.

హక్కు కోసం అడుగుతూనే ఇంట్లో చేయగలిగినది చేయాలి. రెండు ఉడికించిన గుడ్లు, పిడికెడు వేయించిన వేరుశనగలు, ఒక గ్లాసు పాలు. మామూలు భోజనానికి ఇవి అదనంగా చేరితే రోజుకు సుమారు 25 గ్రాముల ప్రోటీను, 400కు పైగా కిలోక్యాలరీలు వస్తాయి. డబ్బా పొడితో పోల్చితే ఖర్చు చాలా తక్కువ. ఖిచిడీలో పప్పు పాలు పెంచవచ్చు. అరటిపండు, ఖర్జూరం, నువ్వుల లడ్డు సాయంత్రం బజ్జీల స్థానంలో రావచ్చు. వారానికొకసారి కలేజీ వండితే రక్తహీనతకు మందు ఇంట్లోనే ఉన్నట్టు. బడిలో వారం వారం ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను పారవేయకుండా మింగించాలి. చాయ్ విషయంలో మాత్రం మేము కొంచెం కఠినంగానే ఉంటాము. అది ఆకలిని చంపుతుంది, భోజనంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నాష్తా స్థానంలో చాయ్ పోయడం పిల్లవాణ్ణి ఖాళీ కడుపుతో పంపడమే. తొందర కూడా వద్దు. నెలకు కిలో, కిలోన్నర పెరిగితే చాలు.

"బక్కగా ఉన్నవాడు వ్యాయామం చేస్తే ఇంకా చిక్కిపోడా?" అని శిబిరంలో ఒక తల్లి అడిగింది. తిండి పెంచకుండా పరుగెత్తిస్తే ఆమె భయం నిజమే. తిండి పెంచి వ్యాయామం చేయించకపోతే పెరిగేది ఎక్కువగా కొవ్వు. దండీలు, బైఠక్‌లు, కబడ్డీ, తాడాట కండనూ ఎముకనూ పెంచుతాయి, ఆకలినీ పుట్టిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వయసువారికి రోజుకు గంటసేపు శారీరక శ్రమ, అందులో వారానికి మూడు రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చేవి ఉండాలంటోంది. పాతబస్తీలో తాలీంఖానాలకు కొదువ లేని రోజుల్లో ఉస్తాద్ ముందు తిండి సంగతి అడిగి, తరువాతే మట్టిలోకి దింపేవాడు. ఇప్పటి జిమ్ముల్లో తొలిరోజే పెద్ద బరువులు ఎత్తించి, రెండోరోజు డబ్బా అమ్ముతున్నారు. దుకాణంలో ఇనుము మోయడం వ్యాయామం కాదా అంటారేమో. ఒకే పక్క వంగి పది గంటలు చేసే పని ఒళ్లును అరగదీస్తుంది. అతనికి ముందు కావలసినవి విశ్రాంతి, నిద్ర, భోజనం.

ఆడపిల్లలకు ఆ మాత్రం జాగా కూడా లేదు. పన్నెండేళ్లు దాటగానే మేడ మెట్లే వారి మైదానం. మన రెండు రాష్ట్రాలలోనూ మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. "సన్నగా ఉంటేనే సంబంధాలు వస్తాయి" అనే మాట ఇంట్లో వినిపిస్తున్నంత కాలం ఆ పిల్ల కంచంలో రెండో గుడ్డు పడదు.

సన్నగా ఉన్న ప్రతి బిడ్డా రోగి కాదు. పెద్దలకు వాడే 18.5 కొలత ఈ వయసుకు వర్తించదు. వయసు, ఆడ-మగ భేదం చూసి వేరే పట్టికలతో సరిచూడాలి. కానీ ఉన్న బరువు తగ్గుతున్నా, రెండు వారాలకు మించి దగ్గు, సాయంకాలపు జ్వరం ఉన్నా, తరచూ దాహం, మూత్రం ఉన్నా, గుడ్లు పెడుతూ కూర్చోరాదు. వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. క్షయ, మధుమేహం బస్తీలలో అరుదైన జబ్బులు కావు.

ప్రభుత్వాలను మేము కోరేది ఇదీ: భోజన హక్కును చట్టం ద్వారానే 18 ఏళ్ల వరకు పొడిగించాలి. బడి మానేసిన పిల్లల బరువులు కూడా బస్తీ దవాఖానాలలో నమోదు కావాలి. ప్రభుత్వ పాఠశాలల మైదానాలు సాయంత్రం వేళ పిల్లలకు తెరవాలి, వారంలో కొన్ని రోజులు బాలికలకే కేటాయించాలి. మసీదు కమిటీలను, షాదీఖానాల నిర్వాహకులను అడిగేదీ ఉంది. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఖాళీగా ఉండే ఆ హాళ్లు ఆడపిల్లల తాడాటకు సరిపోతాయి.

ఆనాటి శిబిరం రిజిస్టరులో ఎత్తుకు, బరువుకు, రక్తపోటుకు గడులు ఉన్నాయి. "తదుపరి చర్య" అనే గడి లేదు. స్కేలు తీసుకుని మేమే ఒక గడి గీశాము. ఆ కుర్రవాని పేరుకు ఎదురుగా, "వైద్య పరీక్ష; రెండు నెలల తరువాత మళ్లీ తూకం" అని రాసి, వెల్డింగ్ దుకాణం యజమానితో మాట్లాడాము. మధ్యాహ్నం అరగంట సెలవు, రెండు గుడ్లు ఇవ్వడానికి ఆయన ఒప్పుకున్నారు.