ఉసిరికాయ ఎవరు తిన్నారు?

మొదటి పేజీలో తల్లీతండ్రీ లేని పిల్లవాడు. మూడో అధ్యాయానికి గడ్డం గురువొచ్చి లోకాన్ని కాపాడాల్సింది నువ్వేనంటాడు. సగం దాటాక ఆ గురువు చచ్చిపోతాడు. కుర్రకారు కోసం వచ్చే మాయల నవల ఏది తెరిచినా దాదాపు ఇదే వరస. ఇంగ్లండులో డయానా విన్ జోన్స్ ఈ అరిగిపోయిన సరుకంతా పోగేసి, యాత్రికుల గైడు మాదిరిగా 1996లో ఒక వెటకారపు పుస్తకమే రాసింది. మరుసటి ఏడే అదే సరుకుతో హ్యారీ పోటర్ వచ్చాడు. పిల్లలు ఎగబడి చదివారు.

కాబట్టి సరుకు పాతదని కోప్పడి లాభం లేదు. హ్యారీ పోటర్ శత్రువు వోల్డెమార్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి దాచాడంటే, బాలనాగమ్మ కథ విన్న మన అవ్వలు “ఆఁ, చిలకలో ప్రాణం దాచిన మాయల ఫకీరేగా” అనేస్తారు. పాత సరుకును కథకుడు ఎటు తిప్పాడన్నదే చూడాలి. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ సినిమాలో నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి ఏరికోరి వెంట తీసుకెళతాడు. సిరిసంపదలు ఇప్పిస్తానంటాడు. అసలు సంగతి, బలివ్వడానికి! దారి చూపేవాడే గొంతు కోసేవాడు. తోటమాలి కొడుకు అది తెలుసుకుని మాంత్రికుణ్ణే బలిచ్చేస్తాడు. ఇంత గడుసు మలుపు ఈనాటి నవలల్లో నాకు అరుదుగా కనబడుతోంది.

ఇలాంటి మలుపున్న పాతకథ ఒకటి తమిళనాట ధర్మపురి జిల్లాలో ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళంతో పెరిగే పిల్లలున్న జిల్లా అది. ఆ సీమకు పాతపేరు తగడూరు. దాన్నేలిన అదియమాన్ నెడుమాన్ అంజికి ఆయుష్షు పెంచే ఉసిరికాయ దొరికిందట. ఇప్పటి నవలాకారుడికి దొరికితే దానికోసం రెండు యుద్ధాలు, మూడు సంపుటాలు. అదియమాన్ దాని మహిమ చెప్పకుండానే కవయిత్రి అవ్వైయార్ చేతిలో పెట్టాడు. ఆమె తినేసింది.

మాయల నవలలు రాసి మాకు పంపేవారికి ఒక మనవి. అనాథ పిల్లవాణ్ణి పంపండి, గడ్డం గురువునూ పంపండి, కాదనం. ఉసిరికాయ మాత్రం ఎవరి చేతిలో పెట్టారో ఒకటికి రెండుసార్లు చూసుకుని పంపండి.