ఊరికి దగ్గరగా ఒక మిర్రర్

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు మారాలంటే కంప్యూటర్లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే అది దాదాపు ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతిదో అయ్యుండాలి. ఆత్రేయపురంలో పూతరేకుల ఆర్డర్లు రాసుకునే కొట్లోని పాత కంప్యూటర్‌కో, అన్నయ్య చదువయ్యాక చెల్లెలి చేతికొచ్చిన లాప్‌టాప్‌కో ఆ అర్హత ఉండకపోవచ్చు. యంత్రం మాత్రం భేషుగ్గా పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని మూల పడేయకుండా మరికొన్నేళ్లు వాడుకోవడానికి దారి ఉంది. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, లినక్స్ మింట్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఏదో ఒకటి ఎక్కించుకోవడమే. పైసా కట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఎంతమందికైనా కాపీ చేసి ఇవ్వొచ్చు.

అయితే ముందు అది ఇంటికి చేరాలి కదా. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఐఎస్‌ఓ ఫైలు ఇంచుమించు 6 జీబీ. సెల్‌ఫోన్‌లో రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకుని, హాట్‌స్పాట్‌తో లాప్‌టాప్ నడిపే విద్యార్థికి అది నాలుగు రోజుల డేటా. ఇంట్లో ఫైబర్ ఉన్నా కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది. మూడు వంతులు దిగిన ఫైలు మళ్లీ మొదటికి వస్తే ఇక ఆ పని జోలికే పోబుద్ధి కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు దూరమైన వాళ్లలో కొందరు చెప్పే కారణం అది కష్టమని కాదు, దించుకోలేకపోయామనే.

ఈ చిక్కు తీర్చడానికి పుట్టిన ఏర్పాటే మిర్రర్. అసలు సర్వర్‌లో ఉన్న ఫైళ్లన్నిటికీ మరోచోట అచ్చంగా అలాంటి నకలు పెట్టి, రోజూ తాజా చేస్తూ, అడిగిన వాళ్లందరికీ ఉచితంగా ఇవ్వడం. గోదావరి నీళ్లకు ధవళేశ్వరం ఆనకట్ట మూలమైనా కోనసీమ రైతు కడవ పట్టుకుని ధవళేశ్వరం వెళ్లడు. 1852 నాటికి కాటన్ కట్టించిన ఆనకట్ట నుంచి కాలువలో పడిన నీరు లొల్ల లాకుల మీదుగా అతని చేను గట్టుకే వస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అలాగే చేరాలి. ఈ కాలువలు తవ్వినవి ఎక్కువ చోట్ల విశ్వవిద్యాలయాలే.

ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నిటికీ పునాది అయిన లినక్స్ పుట్టుకలోనే ఈ బంధం ఉంది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థి. తాను రాసిన కెర్నల్‌ను నలుగురికీ అందించడానికి అతనికి సొంత సర్వర్ లేదు. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఉన్న ఆరీ లెమ్కె, ఫిన్లాండ్ విద్యా సంస్థల నెట్‌వర్క్ ఫ్యూనెట్ ఎఫ్‌టీపీ సర్వర్‌లో దానికి చోటిచ్చాడు. ఆ ఫోల్డర్‌కు లినక్స్ అని పేరు పెట్టిందీ అతనే. కొద్దికాలానికే అమెరికాలో ఎంఐటీ యంత్రం ఒకదానిలో థియోడర్ చో దాని నకలు పెట్టాడు. అట్లాంటిక్ అవతలి వాళ్లు ఫిన్లాండ్ దాకా పోనక్కర లేకపోయింది. 1992 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ కంప్యూటింగ్ సెంటర్, ఇన్‌స్టాల్ చేసుకునేందుకు వీలుగా ఒక లినక్స్ పంపిణీని (డిస్ట్రిబ్యూషన్‌ను) తయారుచేసి పెట్టింది. ఏ కంపెనీ కన్నూ దానిమీద పడకముందే మూడు దేశాల విద్యాలయాలు దాన్ని చేతులు మార్చుకుంటూ పెంచాయి.

మిర్రర్లను తాజాగా ఉంచే పనిముట్టు కూడా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిందే. 1996లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్ రాశారు. రెండు చోట్ల ఉన్న ఫైళ్లను పోల్చి, మారిన భాగాన్ని మాత్రమే పంపడం దాని పని. అదే లేకపోతే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కొంచెమే అయినా మొత్తం భాండాగారాన్ని మళ్లీ మోయాలి. డెబియన్ భాండాగారం మామూలుగా రోజుకు నాలుగుసార్లు మారుతుంది. ప్రపంచమంతటా ఉన్న మిర్రర్లు ఆ మార్పును తక్కువ ఖర్చుతో అందుకోగలుగుతున్నది ఈ పద్ధతి వల్లనే.

ఇవాళ మిర్రర్ల జాబితా తిరగేస్తే విద్యాలయాల పేర్లు వరసగా తగులుతాయి. స్వీడన్‌లో ఊమెయో విశ్వవిద్యాలయం, జపాన్‌లో జైస్ట్, బ్రిటన్‌లో కెంట్ విశ్వవిద్యాలయం, చైనాలో చింగ్‌హువా, కెనడాలో వాటర్లూ. అమెరికాలో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ 2003లో ఓపెన్ సోర్స్ ల్యాబ్ పేరుతో ఏకంగా ఒక విభాగమే పెట్టింది. వీటిలో కొన్నింటి సంగతి మరికాస్త చెప్పుకోవాలి. ఊమెయోలో సర్వర్లు నడిపేది విద్యార్థుల కంప్యూటర్ క్లబ్. ప్రపంచం డెబియన్ సీడీ ఇమేజ్‌లను దించుకునే ప్రధాన చిరునామా బరువు ఆ క్లబ్ మోస్తోంది. వాటర్లూలోనూ, చింగ్‌హువాలోనూ మిర్రర్లు విద్యార్థుల చేతుల్లోనే ఉన్నాయి. ఇరవై ఏళ్ల పిల్లలు లక్షల మందికి అక్కరకొచ్చే సేవను రాత్రీ పగలూ నిలబెడుతున్నారంటే, అక్కడి ఆచార్యులు వాళ్లను నమ్మి సర్వర్ గది తాళంచెవి ఇచ్చారన్నమాట.

మన దేశంలో ఈ పని భుజాన వేసుకున్న వాటిలో ఐఐటీ మద్రాస్, ఐఐటీ కాన్పూర్ కంప్యూటర్ సైన్స్ విభాగం, కాలికట్ నిట్ పేర్లు చెప్పుకోవాలి. కాలికట్‌లో అది వేళ్లూనడం వింతేమీ కాదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే పాఠాలు చెబుతున్నాయి. 2023 సెప్టెంబర్‌లో డెబియన్ ప్రపంచ సమ్మేళనం జరిగింది కూడా కొచ్చిలోనే. తెలుగునాట 2005 నుంచి హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం కృషి చేస్తూ, ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్లగ్‌ల పేరిట విద్యార్థి బృందాలను కూడగడుతూ వచ్చింది. మనుషులకూ ఉత్సాహానికీ మన దగ్గర కొరత లేదు.

ఇంటర్నెట్ అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో ఆ ఉత్సాహానికి పోస్టాఫీసే కాలువ. పీసీ క్వెస్ట్, లినక్స్ ఫర్ యూ పత్రికలతో పాటు సీడీలు వచ్చేవి. ఉబుంటు వాళ్లు షిపిట్ పేరుతో అడిగిన వాళ్లందరికీ ప్రపంచంలో ఎక్కడికైనా పైసా తీసుకోకుండా సీడీ పంపేవారు. తపాలా ఖర్చు కూడా వాళ్లదే. 2011లో ఆ ఏర్పాటు ఆగింది. నెట్ అందరికీ వచ్చేసిందన్న నమ్మకంతో ఆపిన పని అది. పల్లెలకు ఆ నమ్మకం కాస్త ముందుగా వచ్చేసింది.

మరి ఆత్రేయపురంలో కూర్చున్న మనిషి మంచి మిర్రర్‌ను ఎలా వెతుక్కోవాలి? ప్రతి పంపిణీకీ అధికారిక సైట్‌లో దేశాలవారీ మిర్రర్ల పట్టిక ఉంటుంది. వెతుకులాట అక్కణ్ణించే మొదలుపెట్టాలి. గూగుల్‌లో ముందు కనబడిన లంకె నొక్కడం మంచిది కాదు. ఉబుంటు పట్టికలో ఒక్కో మిర్రర్ పక్కన దాని వేగమూ, అది తాజాగా ఉందా, ఒక రోజు వెనకబడిందా, వారం వెనకబడిందా అన్నదీ రాసి ఉంటుంది. పేరు గొప్పదైనా వారం వెనకబడిన మిర్రర్‌ను వదిలేయడమే మేలు, ఎందుకంటే భద్రతా లోపాలకు వచ్చిన సవరణలు అందులో ఉండవు. విద్యాలయాల సర్వర్లు సెలవుల్లో అప్పుడప్పుడు మూగబోతుంటాయి కూడా. కాబట్టి రెండో పేరు ఒకటి చేతిలో ఉంచుకోవాలి.

ఉబుంటు ఎక్కించాక సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్ అనే కిటికీలో అందుబాటులో ఉన్న సర్వర్లలో ఏది చురుకైనదో కంప్యూటర్ తానే పరీక్షించి చెబుతుంది. డెబియన్ ఇన్‌స్టాలర్ దేశం అడిగి ఆ దేశపు మిర్రర్లు చూపిస్తుంది. ఫెడోరాలో ఆ ఎంపిక దానంతటదే జరిగిపోతుంది. డేటా తక్కువగా ఉన్నవాళ్లకు డెబియన్ నెట్ఇన్‌స్ట్ ఇమేజ్ నయం. అది ఒక జీబీ లోపే ఉంటుంది, మిగతాది కావలసినంత వరకే దిగుతుంది. పాత 32 బిట్ల యంత్రమైతే 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 దానికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. అలాంటి యంత్రం ఉన్నవాళ్లు డెబియన్ 12 తీసుకోవాలి. దించుకునేటప్పుడు బ్రౌజర్‌ను నమ్ముకోకుండా డబ్ల్యూగెట్ అనే కమాండ్‌కు సీ ఆప్షన్ తగిలిస్తే కరెంటు పోయినా ఆగినచోట నుంచే అందుకుంటుంది.

ఇక నమ్మకం సంగతి. ఎవరో ఎక్కడో నడిపే సర్వర్ నుంచి ఏకంగా ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చుకోవడం భయం కాదా అని అడిగేవాళ్లు సరైన ప్రశ్నే అడుగుతున్నారు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సైట్‌లోకి దొంగలు చొరబడి 17.3 సినమన్ ఎడిషన్ డౌన్‌లోడ్ లంకెను మార్చేశారు. ఆ లంకె నొక్కినవాళ్లకు వెనక తలుపు బిగించిన ఐఎస్‌ఓ దిగింది. దొంగలు మార్చింది సైట్‌లోని లంకెనే, విద్యాలయాల మిర్రర్లను కాదు. ఇలాంటి మోసాన్ని పట్టిచ్చే సాధనం అందరికీ అందుబాటులోనే ఉంది. ప్రతి ఐఎస్‌ఓతో పాటు షా256 మొత్తాల ఫైలూ, దానిమీద తయారీదారుల జీపీజీ సంతకమూ ఉంటాయి. దిగిన ఫైలుకు మొత్తం కట్టి, సంతకమున్న సంఖ్యతో సరిచూసుకుంటే ఒక్క బిట్ తేడా ఉన్నా బయటపడుతుంది. ఆ తర్వాత వచ్చే ప్యాకేజీలకైతే డెబియన్, ఉబుంటులలో ఏప్ట్ అనే ప్రోగ్రామ్ సంతకాన్ని తానే చూసుకుంటుంది. అందుకే మిర్రర్ నడిపేవాణ్ణి నమ్మాల్సిన అవసరం లేకుండానే అతని సేవ పొందవచ్చు. ఇంత పకడ్బందీగా కట్టిన పంపిణీ వ్యవస్థలు మరే రంగంలోనూ ఎక్కువ కనబడవు. ఆ ఐదు నిమిషాల సరిచూపును మాత్రం ఎవరూ ఎగ్గొట్టకూడదు.

గోదావరి జిల్లాల సంగతికొస్తే, చుట్టూ విద్యాలయాలు తక్కువేమీ లేవు. 1946లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఎదిగిన జేఎన్టీయూ కాకినాడలో ఉంది. రాజమహేంద్రవరంలో 2006 నుంచి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉన్నాయి. ఈ మూడింటిలో కనీసం ఒకటి, అందరికీ తలుపు తెరిచిన మిర్రర్ నడపాలి. ఇది ఈ శీర్షిక గట్టిగా అడుగుతున్న మాట. ప్రజల డబ్బుతో కట్టిన నెట్‌వర్క్ క్యాంపస్ ప్రహరీ దగ్గర ఆగిపోకూడదు. నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ లాంటి పెద్ద గొట్టాలు విద్యా, పరిశోధన సంస్థల కోసమే వేశారు. సెమిస్టర్ సెలవుల్లో, అర్ధరాత్రుల్లో వాటిలో చాలా భాగం ఖాళీగానే ఉంటుంది.

ఖర్చెంత అని ప్రిన్సిపాళ్లు అడగడం సహజం. డెబియన్ పూర్తి భాండాగారం అన్ని రకాల ప్రాసెసర్లకూ కలిపి కొన్ని టెరాబైట్లు. మన దగ్గర వాడకంలో ఉన్న 64 బిట్ల పీసీల వరకే తీసుకుంటే నాలుగు టెరాబైట్ల డిస్కులో ఇంకా చోటు మిగులుతుంది. దానికో మామూలు సర్వర్, పబ్లిక్ ఐపీ అడ్రస్, యూపీఎస్ కావాలి. ఒక్క ల్యాబ్‌కు కొనే ఫర్నిచర్ కంటే ఇది పెద్ద ఖర్చేమీ కాదు. పైగా ఆదా కూడా ఉంది. అరవై కంప్యూటర్ల ల్యాబ్‌లో ఒక్కోటి 2 జీబీ అప్‌డేట్లు దించుకుంటే బయటి లైన్ మీద 120 జీబీ బరువు పడుతుంది. లోపలే మిర్రర్ ఉంటే అది ఒక్కసారి తెస్తుంది, మిగిలినదంతా క్యాంపస్ కేబుల్ మీదే నడిచిపోతుంది. అంత ధైర్యం ఇప్పుడే లేని కాలేజీ ఏప్ట్-కేషర్-ఎన్‌జీ అనే చిన్న ప్రోగ్రామ్‌తో మొదలుపెట్టవచ్చు. ఒకరు దించుకున్న ప్యాకేజీని అది దాచిపెట్టి తర్వాతి వాళ్లకు ఇస్తుంది.

విద్యార్థులకు దక్కేది అంతకంటే ఎక్కువ. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో పదమూడు ప్రయోగాలు రికార్డులో ఎక్కించి సంతకం పెట్టించుకున్న పిల్లకూ, రాత్రి పదకొండు గంటలకు డిస్కు నిండిపోతే ఏం చేయాలో తేల్చుకున్న పిల్లకూ చదువులో చాలా తేడా వస్తుంది. ఆర్‌సింక్ ఎందుకు ఆగింది, లాగ్ ఫైలు ఏం చెబుతోంది, ఒకే చిరునామా నుంచి వందలసార్లు అడుగుతున్న వాణ్ణి ఎలా అదుపుచేయాలి: ఇవన్నీ సర్వర్ దగ్గర కూర్చుంటేనే వస్తాయి. ఊమెయో క్లబ్ తరతరాల విద్యార్థులకు నేర్పుతున్నది ఇదే. దీనికో షరతు ఉంది. మిర్రర్ ఒక్క ఫైనలియర్ కుర్రాడి చేతిమీదుగా మాత్రమే నడవకూడదు. రెండో ఏడాది పిల్లలు ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ పక్కన ఉండాలి, ఒక అధ్యాపకుడి పేరు మీద బాధ్యత ఉండాలి. లేకపోతే కాన్వొకేషన్ అయిన వారానికే అది వెనకబడటం మొదలవుతుంది.

ఆ డిస్కులో తెలుగు కూడా ఉంటుందన్న మాట చెప్పుకోవాలి. పోతన, వేమన పేర్లతో తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన ఖతులు డెబియన్ భాండాగారంలో ఉన్నాయి. ఆ భాండాగారం ఏ దేశపు మిర్రర్‌లో చేరితే అక్కడికి అవీ వెళతాయి. డెబియన్ ఇన్‌స్టాలర్ తెలుగులో మాట్లాడుతుంది, తెలుగువాళ్లు జీతం లేకుండా కూర్చుని చేసిన అనువాదం వల్ల. బయటి ప్రపంచం మన అక్షరాలను ఇన్నేళ్లుగా ఉచితంగా మోస్తోంది. మన విద్యాలయాలు ఆ మోతలో తమ పాలు పంచుకోవడానికి ఇంకా దేనికోసం చూస్తున్నాయో అర్థం కాదు.

సర్వర్ సిద్ధమయ్యాక పేరు నమోదు చేయించడం పెద్ద తతంగం కాదు. డెబియన్‌కు సైట్‌లోనే ఒక దరఖాస్తు ఫారం ఉంది: ఏ ప్రాసెసర్లకు ఇస్తున్నారు, ఎక్కడి నుంచి తాజా చేసుకుంటున్నారు, ఎవరిని సంప్రదించాలి అని అడుగుతుంది. ఉబుంటుకు లాంచ్‌ప్యాడ్‌లో ఖాతా తెరిచి వివరాలివ్వాలి. రెండింటికీ ఫీజు లేదు. కాలేజీ లోపల కావలసినవి రెండే అనుమతులు. ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క యంత్రానికి బయటి నుంచి దారి తెరవమని నెట్‌వర్క్ విభాగానికి ఒక ఉత్తరం, రాత్రిపూట సర్వర్ గదిలోకి విద్యార్థులను పోనివ్వమని వార్డెన్‌కు మరొకటి. వైస్ చాన్స్‌లర్లు, డైరెక్టర్లు ఆ రెండింటిమీదా ఈ సెమిస్టర్‌లోనే సంతకం పెట్టగలరు.