తోలుపట్టీ వెల యెంత?

పాఠశాలల వార్షిక ప్రదర్శనములందు చేతిపనుల బల్ల యొకటి తప్పక యుండును. పిల్లలు చేసిన బుట్టలు, అల్లికలు, మట్టిబొమ్మలు అందు కానవచ్చును. వానితోపాటు, పుస్తకమున చదివిన తావు తెలియుటకై పుటల నడుమ నుంచు తోలుపట్టీలును కొన్నిచోట్ల నుండును. బుక్‌మార్కులని మనము వ్యవహరించునవి ఇవియే. చూచినవారు మెచ్చుకొందురు, వెల యడుగుదురు. "పిల్లలు చేసినదే గదా, పది రూపాయలు చాలు" నని పెద్దలే నిర్ణయించి యిచ్చివేయుదురు. ఈ వాడుక మంచిది కాదని మా యభిప్రాయము. కారణమును లెక్కతోనే మనవి చేయుదుము.

మొదట తోలు సంగతి. తంగేడు చెక్కతోను, కరక్కాయతోను పదునుచేసిన తోలును తడిపి అచ్చు వేసినచో ఆ గురుతు చక్కగా నిలుచును. కావున పట్టీలకు అదియే తగినది. మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములవారికి తోళ్లకు పేరుపడిన ఆంబూరు, వాణియంబాడి మిక్కిలి దూరము గావు. తోలును చదరపు అడుగు లెక్కన అమ్ముదురు. చదరపు అడుగనగా సుమారు 929 చదరపు సెంటీమీటర్లు. పట్టీ 18 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు గలదైనచో 72 చదరపు సెంటీమీటర్లగును. కాగితముపై భాగించినచో 12 పట్టీలు రావలయును. కాని మేకతోలు కాగితమువలె నలుపలకలుగా నుండదు. అంచులు వంకరగా నుండును, పొట్టభాగము సాగును, ముల్లు గీచిన గాయముల మచ్చలుండును. అవన్నియు విడిచినచో 8 పట్టీలు వచ్చినవనుకొందము.

ఇక ధరలు. ఈ క్రింది ధరలు ఉదాహరణకై యనుకొన్నవి; ఎవరికి వారు తమ బజారు ధరలను చేర్చుకొనవచ్చును. చదరపు అడుగు తోలు 120 రూపాయలైనచో పట్టీకి 10 రూపాయలని కాగితము చెప్పును. 8 పట్టీలే వచ్చినవి గనుక నిజమునకు 15 రూపాయలు పడును. రంగు, మైనము, దారపు కుచ్చు కలిసి 5 రూపాయలు. రంపె, ఆరె, సుత్తి, అచ్చులు 1,200 రూపాయలకు కొని, వానితో 600 పట్టీలు చేయగలిగినచో, పనిముట్ల యరుగుదలకు పట్టీకి 2 రూపాయలు. వెరసి 22 రూపాయలు. పది రూపాయలకు అమ్మినవారు తమ చేతినుండి 12 రూపాయలు పోసి, పనిని ఊరక దానము చేసినారన్నమాట.

ఇంతవరకు చేతికూలి లెక్కలోనికి రాలేదు. కోయుటకు 5 నిమిషములు, తడిపి అచ్చు వేయుటకు 10, రంగు పూయుటకు 5, అంచులు నునుపు చేయుటకు 6, తొలిచి కుచ్చు కట్టుటకు 4, అంతయు అరగంట. గంటకు 80 రూపాయల కూలి యనుకొన్నచో 40 రూపాయలు. మొత్తము 62 రూపాయలు. పదింటిలో ఒకటి అచ్చు వంకరపోయి చెడిపోవుననుకొందము. అప్పుడు పదింటి ఖర్చు 620 రూపాయలను తొమ్మిదియే మోయవలయును గనుక ఒక్కొక్కటి సుమారు 69 రూపాయలగును.

దుకాణమున నుంచి అమ్మించినచో దుకాణదారుడు అమ్మకపు వెలలో నాలుగవవంతు అడిగెననుకొందము. 69కి నాలుగవవంతు కలిపి 86 అని చీటీ వ్రాయుట పలువురు చేయు పొరపాటు. అతడు 86లో నాలుగవవంతు, అనగా 21 రూపాయల 50 పైసలు, పుచ్చుకొనును. చేసినవారికి 64 రూపాయల 50 పైసలే మిగులును. 69 మిగులవలెనన్నచో దానిని మూడుచే భాగించి నాలుగుచే హెచ్చింపవలయును. అప్పుడు 92 రూపాయలు వచ్చును. విద్యార్థులారా, శాతముల లెక్క పరీక్షకొరకే కాదు, కూడుకొరకును గలదని గ్రహింపుడు.

"ఒక తోలుముక్కకు 92 రూపాయలా?" యని కొందరు తల్లిదండ్రులు ఆశ్చర్యపడవచ్చును. ఆ 92లో పెద్దభాగము తోలుది కాదు, చేతిది. ఆ చేతిని లెక్కనుండి తీసివేయుట మన దేశమున పాత యలవాటు. చెప్పులు కుట్టినవానికిని, కపిలబానలు కట్టినవానికిని వస్తువునకు వెల కట్టక, కళ్లమునొద్ద మేర పేరున కొంత ధాన్యము కొలుచుట మన పల్లెలలో చిరకాలము సాగినది. తోలు ముట్టినవానిని దూరముగా నిలిపిరి. అతడు చేసిన చెప్పులు మాత్రము తొడిగికొనిరి. పని నీచమని తలచినచోట వెలయు నీచమగును. 1948లో కనీస వేతనముల చట్టము చేసినపుడు, దినకూలికే గాక, వస్తువుల లెక్కన ఇచ్చు కూలికిని హద్దు నిర్ణయించుటకు వీలు కల్పించిరి. బీడీలు వేయింటి లెక్కన చుట్టు తల్లులకును, పూలు మూరల లెక్కన కట్టు తల్లులకును ఆ హద్దు ఎంత యవసరమో మన యిండ్లలో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ పనితోనే బ్రతుకువారు గలరు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరము మండలమునందలి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబములున్నవి. వారి పూర్వులు మహారాష్ట్రమునుండి వచ్చినవారు. ఇంట మరాఠీ మాటాడుచు, తెరమీద తెలుగున రామాయణ భారత కథలాడుచు వచ్చినారు. ఇంట నొక భాష, బయట నొక భాష గల మనకు వారి బ్రతుకు వింత గాదు. ఆటలకు పిలుపులు తగ్గగా, ఆ చేతులే మేకతోలుపై దీపపు గొడుగులు, గోడ చిత్రములు చేసి బ్రతుకుతెరువు చూచుకొనినవి. ఆ యూరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించినది. బిరుదమును చూచి చప్పట్లు కొట్టి, వస్తువునొద్ద బేరమాడుట తగునా?

పిల్లలపని విద్యయే గాని కూలి కాదనువారి మాట నిజమే. పిల్లలకు కూలి యిమ్మని మేమనుట లేదు. ఆ సొమ్ము పాఠశాల గ్రంథాలయమునకు చేరనిండు. కాని వెలలో ఆ భాగము ఉండి తీరవలయును. లేనిచో మన పది రూపాయల చీటీ చూచినవారు, అదే పనితో పిల్లలను పోషించుకొను మనిషిని "బడిలో పదికే యిచ్చిరే" యని నిలదీయుదురు. మనకు వేడుక, అతనికి నష్టము.

వెల తగ్గింపవలెనన్నచో దారి వేరుగలదు. అట్టతో కొలతపలక చేసికొని ఎనిమిదింటిని ఒక్కమారే గీసి కోయవచ్చును, అన్నిటికి వరుసగా అచ్చు వేయవచ్చును. అరగంట పని 20 నిమిషములకు దిగినచో కూలి సుమారు 27 రూపాయలగును. పై లెక్క ప్రకారమే అమ్మకపు వెల 92 నుండి 72కు దిగును. నేర్పుచే కాలమును తగ్గింపుడు, గంటకూలిని తగ్గింపకుడు.

రాబోవు ప్రదర్శనమున ప్రతి వస్తువు ప్రక్కన తోలుకింత, రంగుకింత, చేతికింత యని లెక్కచీటీ నొకటి తెలుగున వ్రాసి యుంచుడని విద్యార్థులను కోరుచున్నాము. పది అమ్ముడుపోవుచోట నాలుగే పోయినను చింతలేదు. తల్లిదండ్రులారా, బేరమాడుటకు ముందు ఆ చీటీని ఒక్కమారు చదువుడు.