మోటారుబండి పొగ – గృహిణి యెరుగవలసిన సంగతి

కారు నడుపువారు మనలో పెక్కండ్రు గలరు. దాని పొగ యే త్రోవను పోవునో విచారించువా రరుదు. ఇంజనుకును, పొగను సైలెన్సరు వైపు గొనిపోవు మ్యానిఫోల్డను గొట్టమునకును నడుమ సందు లేకుండ నొక పలుచని పొర యుండును. ఇదియే గాస్కెట్టు, పనివారు ప్యాకింగు అందురు. వందలకొలది డిగ్రీల వేడియు, పిదప చల్లదనమును మాటిమాటికి తగులుటచే నిది కాలక్రమమున చిట్లును.

ఉదయమున ఇంజను కదల్పగనే టిక్కుటిక్కుమని చప్పుడై, వేడెక్కినకొలది తగ్గెనేని, గాస్కెట్టును శంకింపవలయును. వేడికి లోహము వ్యాకోచించి సందు మూయుటచే చప్పు డణగును గాని, లోపము తీరినట్లు కాదు. ఆ సందున వెలువడు పొగ బండిలోనికి రావచ్చును. కంపు లేదని ధైర్యపడరాదు. అందలి కార్బన్ మోనాక్సైడునకు రంగును వాసనయు లేవు. అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా రక్తమును పట్టుకొనును. తలనొప్పియు మగతయు తోచినచో బండి నాపి, బిడ్డలతో వెంటనే వెలికి రావలయును.

మరమ్మతు వేళ మూడు సంగతులు కనిపెట్టుడని మేము కోరుచున్నాము. ఇంజను పూర్తిగా చల్లారినపిదపనే విప్పవలయును. పాతపొరను మరల వేయక, అది యానియున్న లోహపుముఖములను శుభ్రపరచి, వంకర లేకుండుట తిన్నని బద్దతో చూచి, క్రొత్తది వేయవలయును. నట్లను నడుమనుండి అంచులకు, విడతలుగా బిగింపవలయును. తరచుగా పొర వెల కంటె విప్పుకూలియే హెచ్చు; ఆ కూలికి వెనుదీసి జాగు చేయకుడు.