ఇంజెక్షన్‌కు ముందు రక్తం తీయండి

వానాకాలం నాట్లు మొదలయ్యాయంటే పల్లెల్లో జ్వరాలు మొదలైనట్టే. వాటికి మనం పెట్టే పేర్లు మాత్రం నాలుగే. మూడు రోజుల్లో తగ్గితే వైరల్. ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ. వారం దాటితే విడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్. నెలలు గడిచి, దగ్గు తోడై, మనిషి చిక్కిపోతే టీబీ. ఈ నాలుగింటిలో ఏదీ కాని జ్వరం ఒకటుంది. దాని పేరు మెలియాయిడోసిస్. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాలు ఊరిని కుదిపేసినప్పుడు, కారణం ఈ జబ్బేమోనన్న అనుమానం వార్తల్లోకి వచ్చింది. తెలుగునాట చాలామంది ఆ మాట వినడం అదే మొదటిసారి. జబ్బు మాత్రం కొత్తది కాదు. దాన్ని పట్టుకునే అలవాటే మనకు లేదు.

బర్ఖోల్డేరియా సూడోమల్లీ అనే బ్యాక్టీరియా వల్ల ఈ వ్యాధి వస్తుంది. అది తడి మట్టిలో, నిలవ నీటిలో బతుకుతుంది. బురదలో దిగిన కాలికి చిన్న గీత ఉంటే చాలు, ఒంట్లో చేరుతుంది. గాలివానలప్పుడు ఊపిరితో, శుభ్రం చేయని నీళ్లు తాగితే కడుపులోకి కూడా పోతుంది. కొందరికి న్యుమోనియాగా మొదలవుతుంది. కొందరికి కాలేయంలో, ప్లీహంలో, కీళ్లలో చీముగడ్డలు కడతాయి. రక్తంలో పాకితే సెప్సిస్ వచ్చి రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఇంకొందరిలో నెలల తరబడి సాగి అచ్చం టీబీలా కనిపిస్తుంది. అందరికన్నా ఎక్కువ ముప్పు షుగర్ ఉన్నవాళ్లకు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, మద్యం ఎక్కువగా తాగేవాళ్లకు కూడా ప్రమాదమే. షుగర్ ఉండి, రోజూ మడిలో దిగే నడివయసు రైతు లేని ఊరు మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడుంది?

ఈ జబ్బును మొదట గుర్తించింది 1911లో, రంగూన్‌లో. అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. కాకినాడ, విశాఖ రేవుల నుంచి మన కోస్తా కూలీలు వేలాదిగా ఓడలెక్కి వెళ్లిన నగరమది. అక్కడి ఆస్పత్రిలో పనిచేసే ఆల్ఫ్రెడ్ విట్మోర్ అనే వైద్యుడు, ఆయన సహాయకుడు సి.ఎస్. కృష్ణస్వామి కలిసి శవపరీక్షల్లో ఊపిరితిత్తుల్లో వింత చీముగడ్డలు చూశారు. వాటిలోంచి బ్యాక్టీరియాను వేరుచేసి పెంచి, 1912లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. నూరేళ్లు దాటినా ఆ పేరు మన ఏరియా ఆస్పత్రి ల్యాబ్ దాకా చేరలేదంటే ఆలోచించాల్సిందే.

పట్టుకోవడం ఎక్కడ తప్పిపోతోందో తెలియాలంటే ల్యాబ్ బల్ల దగ్గరికి వెళ్లాలి. 1884లో బెర్లిన్‌లో పనిచేస్తున్న డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ఒక రంగు పరీక్ష కనిపెట్టాడు. ఈనాటికీ ప్రతి ల్యాబ్‌లో గుర్తింపు దాంతోనే మొదలవుతుంది. స్లయిడ్ మీద నమూనా పలచగా పూసి, ఊదారంగు క్రిస్టల్ వయొలెట్ పోస్తారు. తర్వాత అయోడిన్. ఆపైన ఆల్కహాల్‌తో కడుగుతారు. మందమైన గోడ ఉన్న బ్యాక్టీరియా ఊదారంగును పట్టుకుని ఉంటుంది. గోడ పలచనైనది రంగు వదిలేసి, చివర పోసే సాఫ్రనిన్‌తో గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇదే గ్రామ్ నెగటివ్. టైఫాయిడ్ బ్యాక్టీరియా రంగు వదిలేస్తుందని గ్రామే ఆనాడు రాశాడు. ఈ జాతుల గోడకు పైన మరో పొర ఉంటుంది. చాలా మందుల్ని లోపలికి రానివ్వనిది అదే. అందులోని కొవ్వు పదార్థం రక్తంలో కలిస్తే బీపీ పడిపోయి రోగి షాక్‌లోకి వెళ్తాడు.

కలరా, టైఫాయిడ్, రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లా, మూత్రంలో మంట పుట్టించే ఈ. కొలై, ఐసీయూల్లో ప్రాణాలు తీసే క్లెబ్సియెల్లా, అసినిటోబాక్టర్ అన్నీ ఈ కోవలోవే. మన సూడోమల్లీ కూడా ఇందులోదే. అందుకే గ్రామ్ నెగటివ్ అని తేలితే గుర్తింపు మొదలైనట్టే గానీ పూర్తయినట్టు కాదు. తర్వాత మెకాంకీ అగర్ అనే జెల్లీ మీద పెంచుతారు. అందులోని లాక్టోజ్‌ను వాడుకునే ఈ. కొలై, క్లెబ్సియెల్లా గులాబీ రంగు చుక్కలుగా పెరుగుతాయి. వాడుకోలేని సాల్మొనెల్లా, సూడోమోనాస్ రంగు లేకుండా ఉంటాయి. సూడోమల్లీ కూడా మొదట ఆ రంగులేని వాటిలోనే కనబడుతుంది. ఆక్సిడేజ్ పరీక్షలో సూడోమోనాస్‌లాగే పాజిటివ్ వస్తుంది. పని ఒత్తిడిలో ఉన్న టెక్నీషియన్ ‘సూడోమోనాస్ జాతి’ అని రిపోర్టు రాసేస్తాడు. లేదా బయటి నుంచి కలిసిన మలినమని పారబోస్తాడు. రోగి తలరాత అక్కడే మారిపోతుంది.

దాన్ని అక్కడే నిలబెట్టి పట్టుకునే ఉపాయం ఖరీదైనదేమీ కాదు. స్లయిడ్ మీద చూస్తే ఈ కడ్డీలకు రెండు కొసల్లోనే రంగు ఎక్కి, నడుమ ఖాళీగా, పిన్నీసులా కనబడతాయి. ఆ అనుమానం రాగానే ప్లేటు మీద మూడు మందుబిళ్లలు పెట్టాలి. జెంటమైసిన్, కొలిస్టిన్ బిళ్లల అంచుదాకా బ్యాక్టీరియా దర్జాగా పెరిగి, కో-అమాక్సిక్లావ్ చుట్టూ మాత్రం ఖాళీ వలయం ఏర్పడితే అది సూడోమల్లీ అని గట్టిగా అనుమానించాలి. మామూలు సూడోమోనాస్ తీరు దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ప్లేటును ఇంకో రెండు మూడు రోజులు ఉంచితే చుక్కలు ఎండి ముడతలు పడతాయి. వాసన చూసి గుర్తుపట్టే పాత అలవాటు మాత్రం ఇక్కడ పనికిరాదు. ఆ ఊపిరితోనే జబ్బు టెక్నీషియన్‌కు అంటుకోవచ్చు.

పేరు తెలిస్తే ఏమవుతుందని అడిగేవాళ్లకు థాయ్‌లాండ్ జవాబు చెప్పింది. ఉబోన్ రాచథానీ వరి ప్రాంతంలో తీవ్ర మెలియాయిడోసిస్ రోగులకు పాత మందులకు బదులు సెఫ్టాజిడిమ్ ఇచ్చి చూస్తే మరణాలు 74 శాతం నుంచి 37 శాతానికి దిగాయి. ఆ ఫలితాలు 1989లో లాన్సెట్‌లో వచ్చాయి. మన దగ్గర జ్వరం రోగికి ముందుగా ఎక్కించేది సెఫ్ట్రయాక్సోన్. ఈ జబ్బులో అది సెఫ్టాజిడిమ్‌కు సాటి రాదు. తోడుగా ఇచ్చే జెంటమైసిన్ అసలే పనిచేయదు. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం పది పద్నాలుగు రోజులు నరానికి ఇవ్వాలి. ఆ తర్వాత కనీసం మూడు నెలలు కోట్రైమాక్సజోల్ మాత్రలు వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. ఈ రోగికి కళ్లెలో టీబీ క్రిమి కనబడకపోయినా టీబీ మందులు మింగిస్తే నెలలకు నెలలు చేతులారా పోగొట్టుకున్నట్టే.

2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రపంచంలో ఏటా లక్షా 65 వేల మందికి ఈ వ్యాధి సోకుతోందని, 89 వేల మంది చనిపోతున్నారని అంచనా వేసింది. అందులో 44 శాతం కేసులు దక్షిణాసియావేనంది. కర్ణాటకలోని మణిపాల్ వైద్యులు వెతకడం మొదలుపెట్టాక అక్కడ కేసులు ఏటా బయటపడుతున్నాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ ఉన్నది అదే వరి, అదే వాన, అదే షుగర్. వెతకని చోట జబ్బు లేదనుకోవడం పొరపాటు.

మొదట చెప్పిన విడాల్ పరీక్షను నేను తప్పుబట్టేది ఇందుకే. అది 1896 నాటిది. బ్యాక్టీరియాను చూడదు, రక్తంలో ప్రతిదేహాల్ని మాత్రమే కొలుస్తుంది. టైఫాయిడ్ ఎప్పుడూ ఉండే మనలాంటి చోట పాత ఇన్ఫెక్షన్, టీకా, వేరే జ్వరం కూడా దాన్ని పాజిటివ్ చేయగలవు. ఆ ఒక్క కాగితం చూసి టైఫాయిడ్ అని తేల్చేస్తే అసలు జబ్బు వెతకడం ఆగిపోతుంది. దీనికి బదులు, ఖర్చు ఎక్కువైనా, రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే బ్లడ్ కల్చర్ చేయిస్తే, టైఫాయిడ్ అయినా, మెలియాయిడోసిస్ అయినా, ఈ. కొలై అయినా బ్యాక్టీరియా దొరికే అవకాశం ఉంటుంది. ఏ మందుకు లొంగుతుందో కూడా తెలుస్తుంది.

‘సెప్సిస్ రోగి కళ్లముందు పడి ఉంటే రిపోర్టు వచ్చేదాకా కూర్చోమంటారా?’ అని డాక్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎవరూ ఆగమనడం లేదు. మందు వెంటనే మొదలుపెట్టండి, కానీ దానికి ముందు రెండు సీసాల్లోకి రక్తం తీయండి. అందుకు పట్టేది కొద్ది నిమిషాలు. మందు ఎక్కాక తీస్తే బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు. కల్చర్ కూడా మెలియాయిడోసిస్‌ను ప్రతిసారీ పట్టుకోదు. పది మందిలో ఆరుగురిలోనే దొరుకుతుందని అంచనా. అందుకే ఒక్క రక్తంతో ఆగకుండా చీము, మూత్రం, కళ్లె, గొంతు నమూనాలు కూడా పంపాలి. అనుమానం తీరకపోతే మళ్లీ పంపాలి.

ప్రభుత్వాలు చేయాల్సింది స్పష్టంగానే ఉంది. ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఏడాది పొడవునా నడిచే కల్చర్ ల్యాబ్ పెట్టాలి, అందులో మైక్రోబయాలజిస్టును నియమించాలి. ఏరియా ఆస్పత్రి నుంచి నమూనా అదే రోజు అక్కడికి చేరాలి. ‘సూడోమోనాస్ జాతి’ అన్న అరకొర రిపోర్టు రక్తంలోంచి, చీములోంచి వస్తే మూడు బిళ్లల పరీక్ష చేయకుండా సంతకం పెట్టకూడదు. తేలిన ప్రతి కేసునూ జిల్లా వైద్యాధికారికి తెలపాలి. షుగర్ ఉన్న రైతులు మడిలోకి బూట్లతో దిగాలి, కాలికి గాయం ఉంటే మానేదాకా బురదకు దూరంగా ఉండాలి. ఇక మనవాళ్లు ఆస్పత్రిలో ఉన్నప్పుడు మనం అడగాల్సింది ఒక్కటే: ‘డాక్టరుగారూ, మొదటి ఇంజెక్షన్‌కు ముందు కల్చర్‌కు రక్తం తీశారా?’ లేదన్న జవాబు వస్తే, తీసేదాకా మర్యాదగానే, కానీ గట్టిగా అడుగుతూనే ఉండాలి.