అక్కరకు వచ్చిన ఆటగాడు

మాదాపురములో నొక కంపెనీయందు పనిచేయుచున్న మా పూర్వ విద్యార్థి యొకడు గడచిన వేసవిలో మమ్ము చూడవచ్చి, అమెరికాలో తాను గడపిన యేండ్ల ముచ్చటలు చెప్పుచు, అచ్చటి బేస్‌బాల్ ఆటలో రిలీఫ్ పిచ్చరను నొక పాత్ర గలదని వర్ణించెను. మొదట బంతి విసరువాడు అలసినపుడో, ఎదిరిపక్షమువారు వానిని చితుకగొట్టుచున్నపుడో వీనిని పిలుతురట. ఎప్పుడు పిలుతురో తెలియదు. ఎంతసేపు విసరవలయునో తెలియదు. గెలుపు చాలమారు లింకొకని పేర వ్రాయబడును. ఇట్టివాని శ్రమను లెక్కించుటకు 'సేవ్' అను నంకె 1969వ సంవత్సరమున గాని యక్కడి పెద్ద లీగుల అధికార పట్టికలకు ఎక్కలేదు. "మన క్రికెట్టులో అట్టివాడెవడు సార్?" అని యతడడిగెను. మేము తడుముకొనక సయ్యద్ ఆబిద్ అలీ యని చెప్పితిమి. హైదరాబాదులో పుట్టి, మాయొద్ద చదువుకొన్న పిల్లవాడు ఆ పేరు విననే లేదు! తప్పు వానిది కాదు, చెప్పవలసిన మాది. అందుచే నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆబిద్ అలీ 1941 సెప్టెంబరు 9వ తేదీన మన నగరమున జన్మించెను. సెయింట్ జార్జి గ్రామర్ స్కూలునందును, ఆల్ సెయింట్సు హైస్కూలునందును చదివెను. రెండును మనవంటి మిషను పాఠశాలలే. 1956లో హైదరాబాదు పాఠశాలల జట్టునకు ఎన్నుకొనబడినప్పు డతని ఫీల్డింగే పెద్దల కంటబడినది. తరువాత స్టేటు బ్యాంకు ఆఫ్ హైదరాబాదు జట్టులో తొలుత వికెట్టు వెనుక నిలిచి, పిమ్మట బంతి చేతబట్టెను. అనగా, ఏది ఖాళీగానున్న నదియే యాతని స్థానము.

1967 డిసెంబరులో అడిలైడు నగరమున, గాయపడిన పటౌడీ నవాబునకు బదులుగా నతనికి మొదటి టెస్టు లభించెను. ఇంకొకని చోటున నిలువబడినవాడు ఆస్ట్రేలియావారిని తొలి యిన్నింగ్సులో 55 పరుగులకు 6 వికెట్లు తీసి గడగడలాడించెను. బ్యాటుతో రెండుసార్లును 33 చొప్పున చేసెను. మూడవ టెస్టులో మొదటి బ్యాటరుగా పంపిరి, 47 కొట్టెను. సిడ్నీలో 78, 81. మన జట్టు నాలుగు టెస్టులును ఓడినది గనుక నీ యంకెలు నేడెవరికిని జ్ఞాపకము లేవు.

1971వ సంవత్సరము సంగతి వేరు. వెస్టిండీసునకు పోయిన జట్టులో జయసింహ, కృష్ణమూర్తి, గోవిందరాజ్, జయంతిలాల్, ఆబిద్ అలీ, ఐదుగురు హైదరాబాదువారుండిరి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ లోని రెండవ టెస్టున మొదటి బంతికే ఆబిద్ అలీ ఫ్రెడరిక్సును బౌల్డు చేసెను. ఆ టెస్టున గవాస్కరు గెలుపు పరుగు కొట్టునపు డావలి కొసను నిలిచినవాడును ఇతడే. తుది టెస్టులో ఆతిథేయులు 262 లక్ష్యముగా పరుగిడుచుండగా కన్హాయిని, సోబర్సును వరుస బంతులలో పడగొట్టి యా పరుగునకు కళ్లెము వేసెను. ఆగస్టు 24న లండనులోని ఓవల్ మైదానమున మనవారు 173 పరుగుల లక్ష్యమును ఛేదించి ఇంగ్లండును నాలుగు వికెట్లతో గెలిచినపుడు, లకరస్టు బంతిని బౌండరీకి తరిమి యా గెలుపును పూర్తిచేసినదియు ఇతడే. ఆ దినమున పత్రికలు చంద్రశేఖరుని 6 వికెట్లను కీర్తించెను. అది న్యాయమే.

అతని యసలు పని పట్టికలో కానరాదు. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్ అను నలుగురు స్పిన్నర్లు బంతి తిప్పుటకు ముందు క్రొత్తబంతి మెరుపు దిగిపోవలెను. ఆ మెరుపును దింపువారిలో నితడు ముఖ్యుడు. 29 టెస్టులలో 1018 పరుగులు, 47 వికెట్లు. బ్యాటు సగటు 20 చిల్లర, బంతి సగటు 42 చిల్లర. ఈ యంకెలు మాత్రమే చూచి జట్టు నెన్నువాడు అతనిని ద్వారమువద్దనే పంపివేయును.

ఇప్పుడు మా యసలు మాట. 1998లో సైబర్ టవర్సు లేచునాటికి మాదాపురము చుట్టును రాళ్లు, తుప్పలు, ఖాళీ నేల యుండెను. నేడు కొండాపురము మొదలు మణికొండ వరకు వలలు కట్టిన బాక్సు మైదానములు గంటకింత యని యద్దెకు దొరకుచున్నవి. వానిలో వలకు తగిలిన బంతి తిరిగి కాళ్లయొద్దకే వచ్చును. పరుగెత్తి పట్టి దూరమునుండి విసరు పని యెవరికిని లేదు. శిక్షణాలయములలో పదియేండ్ల బాలునే "నీవు బ్యాటరువా, బౌలరువా?" అని యడిగి రుసుము కట్టించుకొనుచున్నారు. రెండును అన్నవాని నెవరును మెచ్చుట లేదు.

ఒకే విద్యను నూరినవాడే పైకి వచ్చునని కొందరందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. మన నగరపు ఆటో డ్రైవరు కుమారుడు సిరాజ్ 2025 ఆగస్టు 4న అదే ఓవల్ మైదానమున 104 పరుగులకు 5 వికెట్లు తీసి భారతదేశమును 6 పరుగులతో గెలిపించెను. వేగబంతియే యాతని విద్య. అయినను పాఠశాల జట్టునకు సిరాజులు దొరకుట యరుదు. దొరికిన పదునొకండుగురితో నెట్టుకొని రావలెను. అదియును గాక, పదియేండ్లకే పిల్లవాని కేది చేతనగునో తేల్చుటకు మేమెవరము?

ఈ తప్పు మేమును చేసితిమి. కొన్ని యేండ్లక్రిందట జట్టు నెన్నుచు, కీపింగు చేయగలవాడు, బంతి వేయగలవాడు, ఏ స్థానమునకైనను పొమ్మన్న పోవువాడు నగు నొక బాలుని, "దేనిలోను ప్రథముడు కాడు" అని తీసివేసితిమి. వానికి బదులు తీసికొన్న బ్యాటరు రెండాటలలో సున్న చేసెను. కీపరునకు జ్వరము రాగా గ్లోవులు తొడుగువాడే లేకపోయెను. ఆ బాలుడు మైదానపు టంచున స్కోరు పుస్తకము పట్టుకొని కూర్చుండి, మా వంక చూడకయే యంకెలు వ్రాసెను. ఓటమికన్న నా చూపు లేకుండుటయే మాకు బాధాకరమయ్యెను.

ఆబిద్ అలీ 1980 ప్రాంతమున కాలిఫోర్నియాకు వలసపోయెను. మాల్దీవులకును, అరబ్ ఎమిరేట్సునకును శిక్షకుడుగా నుండెను. ముసలితనమునను ట్రేసీ పట్టణ ప్రాంతపు పిల్లలకు ఆట నేర్పెను. 2025 మార్చి 12న, 83 యేండ్ల వయసున, అచ్చటనే కన్నుమూసెను. మన మాదాపురపు యువకులు ఉద్యోగములకై చేరుచున్న సిలికాన్ లోయ కా యూరు కారులో గంట ప్రయాణము. మా పూర్వ విద్యార్థియు నా దారిని పోయియుండును.

రాబోవు సంవత్సరము జట్టు నెన్నుకొనునపుడు పదుగురిని అంకెలు చూచి యెన్నుదుము. పదునొకండవ వానిని మాత్రము పుస్తకము మూసి, మైదానమున మూడు సాయంకాలములు చూచి యెన్నవలెనని మా ప్రతిపాదన. క్రీడోపాధ్యాయులు సమ్మతించినారు. పేర్లు జూన్ మాసాంతములోగా మాకీయవలెను, "నీ స్థానమేది?" అను గడిని ఖాళీగా విడిచినను తీసికొందుము.